బిల్డ్ మిషన్‌కు హస్తవాసి ఉంటదా?

"రిటైరైనోళ్లు రాసే ముచ్చట్లు నువ్వెందుకు రాస్తున్నవే?" అని మా అమ్మ నవ్వింది. నిజమే, నా మోకాళ్లు మంచిగనే ఉన్నయ్, తలల ఒక్క తెల్ల ఎంట్రుక లేదు. గని నేను చేసిన పనే రిటైర్ అయింది. చెరుకు కాంటాలకు, రైసు మిల్లు కాంటాలకు ప్రోగ్రాంలు తయారు చేసెటోళ్లం మేం, నిజామాబాద్‌ల ఒక చిన్న ఆఫీసుల కూసొని. ఇప్పుడు కాంటా కొంటె ప్రోగ్రాం దాని కడుపులనే పెట్టి పంపుతున్నరు. పనిని ఇంటికి పంపిండ్రు, దాని ఎంబడి నేను గూడ వచ్చిన.

అయితె గీ లైన్లకు కొత్తగ వచ్చే పిల్లలు ఊకుంటలేరు. "అక్కా, బిల్డ్ ఇంజనీర్ జాబ్ వచ్చింది, ఏం నేర్సుకోవాలె?" అని వాట్సప్‌ల ఒకటే మెసేజులు. ఒక్కొక్కరికి చెప్పే ఓపిక నాకు లేదు, ఎప్పుడు లేకుండె గూడ. గందుకే అందరికి ఒక్కసారి రాస్తున్న. బొటనేలుతోని ఫోన్ల కొడుతున్న, తప్పులుంటె సర్దుకోండ్రి. జీతం ఎంత పెరిగింది, ఏ పోస్టుకెళ్లి ఏ పోస్టుకు పోయిన, గవి అడగకుండ్రి. గవి చదివి ఎవరు బాగుపడలే.

పనేందంటె

దీన్ని క్రాస్ కంపైల్ అంటరు. పేరు ఇని బుగులు పడకుండ్రి. దర్జీని చూడుండ్రి. తన ఒంటి కొలతకు కుడతడా? గిరాకీ కొలత తీసుకొని, తన దుకాన్ల, తన మిషన్ మీద కుడతడు. మాది గూడ గదే పని. మేం కూసునేది లినక్స్ మీద. కాంటాల కాడ ఉన్నయేమో పాత విండోస్ కంప్యూటర్లు, మూతికి దుమ్ము పట్టినయి. కొన్ని కాంటాలకు సబ్బు పెట్టె అంత డబ్బాలు, లోపట ఫోన్ల ఉండే అసొంటి చిప్పు. మేం లినక్స్ మీద రాసింది గీ రెండిటి మీద నడవాలె. ఒక్క బటన్ నొక్కితె రెండు కొలతల అంగీలు కుట్టి బయటపడాలె. గా బటన్ ఎనుక ఉండే యవ్వారాన్నంత బిల్డ్ సిస్టం అంటరు. మా ఆఫీసుల దాన్ని నిలబెట్టింది నేను.

మొదటి అంగీ ముచ్చట చెప్త. భీమ్‌గల్ దిక్కు ఒక రైసు మిల్లుకు ప్రోగ్రాం పంపిన. మా ఆఫీసుల పాటలెక్క నడిచింది. అక్కడికి పోంగనే "ఏదో ఫైల్ దొరుకుతలేదంటుంది మేడం" అని ఫోన్. నాకు దిమాక్ ఖరాబ్ అయింది. ఇక్కడ నడిచేది అక్కడెందుకు నడవది? చూస్తె, ప్రోగ్రాంకు ఆసరగ కొన్ని సాయం ఫైళ్లు గావాలె. నా మిషన్ల అవి ఎప్పటిసందో ఉన్నయ్ కాబట్టి నాకు తెల్వలే. అంగీ కుట్టి పంపిన, గుండీలు నా దుకాన్లనే ఉన్నయ్.

గా దెబ్బతోని అల్మార మీదున్న పాత కంప్యూటర్ ఒకటి దించి, దాంట్ల ఉత్త విండోస్ తప్ప ఇంకేం ఎక్కియ్యకుంట పెట్టిన. ఏ బిల్డ్ అయిన ముందుగాల గా బీద కంప్యూటర్ల నడిస్తెనే బయటికి. మీరు గూడ ఒకటి పెట్టుకోండ్రి. మీ మిషన్ మీద నడిచిందంటె ఏం నడిచినట్టు కాదు.

మా ఆఫీసు, మా శేఖరన్న

పులాంగ్ చౌరస్తా కాడ మొదటి అంతస్తు. కింద ఎరువుల దుకాణం. ఎండకాలం కిటికీ తెరిస్తె యూరియా వాసన, మూస్తె ఉడుకు. ఓనరు శేఖరన్న, సొంతూరు బోధన్. నేనేమో సికింద్రాబాద్‌ల పుట్టి పెరిగిన, అమ్మ తల్లిగారూరు నిజామాబాద్ అని ఇక్కడికొచ్చిన.

శేఖరన్న మంచోడు. మంచోడు అంటె జీతం ఆపలే, ఎవరి మీద ఒర్రలే. గని టైం అంటె పిచ్చి. ఆఫీసు గోడ గడియారం పావుగంట ముందు నడిచేది, కావాలనే పెట్టిండు. గిది గొప్ప ఇసిత్రం కాదు, మా అమ్మమ్మ ఇంట్ల గూడ గంతే. వచ్చిన సుట్టాలు గోడ దిక్కు చూసి ఉలికిపడి లేస్తరు. అయితె మా ఆఫీసుల వేలిముద్ర మిషన్ గూడ గదే టైం చెప్పేది. నేను ఫోన్ల టైం చూసుకుంట ఎక్కి వచ్చేవరకు ఆలస్యం పడ్డట్టే.

"అన్నా, నా ఫోన్ల ఇంక పది కాలే, చూడు."

"నీ జీతం నీ ఫోన్ ఇస్తదా, నేనిస్తనా?"

గిది రోజు లొల్లి. ఆయన నవ్వెటోడు, నేను కాలిపొయ్యేదాన్ని.

సుధాకరన్న చెయ్యి

ప్రోగ్రాం రాసెటోళ్లం ఇద్దరమే, నేను, సుధాకరన్న. ఆయనది మెండోర. మాట మెల్లగ, నడక మెల్లగ, కీబోర్డు మీద ఏళ్లు గూడ మెల్లగ. ఇద్దరం మా మా ల్యాప్‌టాపుల రాసి, మూలకున్న లినక్స్ మిషన్‌కు పంపి, అక్కడ బిల్డ్ బటన్ నొక్కుతుంటిమి. దాన్ని మూల మిషన్ అనెటోళ్లం.

నేను నొక్కితె మస్తు సార్లు తప్పు పోయేది కాదు. సక్కగ చేసిన తప్పే, మళ్ల అట్లనే వచ్చి ముంగట నిలబడేది. సుధాకరన్న నొక్కితె ఒక్కటి గూడ వాపస్ రాలే. రెండో సీజన్ వచ్చేవరకు ఆఫీసుల మాట పడ్డది, "సుధాకర్ హస్తవాసి మంచిది" అని.

"అన్నా, డాక్టరుకు ఉంటదంటె ఇన్న. బటన్‌కు హస్తవాసి ఏంది?" అన్న నేను.

"బోణీకి ఉంటది. ఇత్తనం ఏసే చేతికి ఉంటది. బటన్‌కెందుకు ఉండది?" శేఖరన్న నిజంగనే అన్నడు. "నీది మంట చెయ్యి. నువ్వు రాయి, ఆయన నొక్కుతడు."

సుధాకరన్న సిగ్గుపడి నవ్వెటోడు. "నాదేం లేదు చెల్లె, అంత ఆ దేవుని దయ" అని ఇంక కారం చల్లెటోడు.

కోపమైతె వచ్చింది. గని కోపం కన్న ఎక్కువ నన్ను తినేసింది ఏందంటె, ఎందుకు అన్నది. మిషన్‌కు ఎవరి ఏలు పడ్డదో తెల్వదు గద? నేను రాసిన రిపేర్ స్క్రీన్ మీద కండ్ల ముంగట ఉంటది, ప్రోగ్రాంల మాత్రం ఉండది. అది యాడికి పోతుంది?

ఎస్తేరక్క

బోధన్ దిక్కు ఒక చెరుకు క్రషింగ్ యూనిట్ ఉండె. కాంటా గదిల కూసునేది ఎస్తేరక్క. చెరుకు తూకం ఎట్లంటె, నిండు ట్రాక్టర్ కాంటా ఎక్కుతది, లోపట చెరుకు దించి వస్తది, ఖాళీ బండి మళ్ల ఎక్కుతది. నిండు బరువుల ఖాళీ బరువు తీసేస్తె చెరుకు. గది చిట్టి మీద అచ్చు పడతది. కొట్టిన చెరుకు ఎండకు గంట గంటకు బరువు తగ్గుతది కాబట్టి రైతులు అసలే తొందరల ఉంటరు, ఇగ చిట్టిల తప్పు పడితె ఏం జరుగుతదో మీరే అనుకోండ్రి.

ఒక శుక్రవారం పొద్దుగాల అక్క ఫోన్.

"బిడ్డా, ముంగటి బండి ఖాళీ బరువు ఎనుక బండి చిట్టిల పడుతున్నది. చిన్న ట్రాలీ డబ్బా బండికి పెద్ద డబ్బా బరువు పడి, గంగారాం పెద్దనాయన చెరుకు తక్కువ వచ్చింది. కాంటా ముంగట నిలబడి నన్ను దొంగ అంటున్నడు."

"నువ్వేం చేసినవ్ అక్కా? మిషన్ తప్పది."

"గది వాళ్లకు ఎవరు చెప్పాలె? తక్కువ పడితె ఒక తీరు. ఇంకొకాయనకు ఎక్కువ పడ్డది. ఆయన మా మెథడిస్టు చర్చికే వస్తడు. నా వాళ్లకు నేనే పోస్తున్ననంట. పన్నెండేండ్ల సంది గీ కుర్చిల కూసున్న. ఇయ్యాల్టి దాక నా చిట్టిని ఎవరు రెండోసారి చూడలే."

ఎనుకకెళ్లి మేనేజర్ గొంతు ఇనవడ్డది. రేపు మధ్యాహ్నం, పగటీలి వరకు సక్కగ కాకుంటె ఆమెను కాంటా మీదికెళ్లి తీసి గేటు కాడ ఏస్తం, లేకుంటె రైతులు బండ్లు తిప్పుకొని పోతరు అంటున్నడు. దొంగ అన్న పేరుతోని కుర్చి దిగుడంటె, గేటు కాడ గాదు, గా ఊర్లనే నిలబడుడు కష్టం.

తప్పు దొరికింది. రెండు బండ్లు ఎనుకెనుకనే ఎక్కితె పాత బరువు చెరిగిపోతలేదు. సక్కగ చేసి బటన్ నొక్కిన. బీద కంప్యూటర్ల చూస్తె గది పోయింది. గని ప్రింటర్ల కాయితం ఇరికి, అచ్చు బటన్ రెండుసార్లు నొక్కితె అదే తప్పు ఇంకో తొవ్వల వస్తున్నది. అక్కడి ప్రింటరుకు కాయితం ఇరుకుడు అలవాటే. నేను లేవకుంటనే గది గూడ సక్కగ చేసిన, మళ్ల నొక్కిన. "అయింది" అని వచ్చింది. బీద కంప్యూటర్ల చూసే ఓపిక లేక ఎంబడే పంపిన.

జర సేపటికి ఫోన్. "బిడ్డా, కాయితం ఇరికితె మళ్ల గట్లనే వచ్చింది."

"అక్కా, నువ్వు పాతదే నడిపిస్తున్నవ్!" అరిచిన నేను.

"కొత్తదే పెట్టిన బిడ్డ. ఇయ్యాల్టి తేదీ ఉన్నది దాని మీద. నా మీద ఇంకొకరు ఒర్రేది తక్కువైందా?"

మళ్ల నొక్కిన, మళ్ల పంపిన, మళ్ల అదే. సుధాకరన్న మేనకోడలు పెండ్లికి మెండోర పోయిండు. శేఖరన్న నా కుర్చి ఎనుక నిలబడి, "రేపు పొద్దుగాల సుధాకర్ వస్తడు. ఆయన చేత్తోనే నొక్కిద్దాం. నువ్వు ఇగ ముట్టకు" అన్నడు.

శనివారం

పొద్దుగాల సుధాకరన్న పెండ్లి బూంది పొట్లం పట్టుకొని వచ్చిండు. శేఖరన్న ఆయనను బూంది గూడ పంచనియ్యలే. మూల మిషన్ ముంగట కూసోబెట్టి, దేవుని పటం కాడి ఊదుబత్తి తెచ్చి పక్కకు పెట్టిండు. నేను రాసింది రాసినట్టే ఉన్నది. సుధాకరన్న దండం పెట్టుకొని బటన్ నొక్కిండు.

బీద కంప్యూటర్ల ఎక్కిచ్చి, అచ్చు రెండుసార్లు కొట్టినం. తప్పు అట్లనే ఉన్నది!

ముందుగాల శేఖరన్ననే తేరుకున్నడు. "నిన్న నువ్వు ముట్టుకున్నవ్ గద. గందుకే."

"అంటె హస్తవాసి లేదనే గద అన్నా!" రెండు దినాల సంది మొదటిసారి నవ్వొచ్చింది నాకు. సుధాకరన్న గూడ హాయిగ ఊపిరి ఇడిసిండు, పాపం. దేవుని దయ మోసి మోసి అలిసిపోయిండు.

ఇగ నాకు ఆగలే. గదే ఫైల్ తీసి ఒక్క లైను కలిపిన. ప్రోగ్రాం తెరవంగనే "నేను కొత్తదాన్ని" అని స్క్రీన్ మీద రావాలె. నొక్కినం. "నేను కొత్తదాన్ని" అని వచ్చింది. అచ్చు రెండుసార్లు కొట్టినం. తప్పు పోయింది! రిపేర్ ముట్టనే ముట్టలే నేను. ఉత్త పలకరింపు కలిపిన, గంతే.

"అయింది. పంపు" అన్నడు శేఖరన్న.

"ఎందుకు పోయింది?"

"పోయింది గద. ఎందుకు ఏందే? పగటీలి అయితుంది."

"ఎందుకు పోయిందో తెల్వకుంట పోయింది మళ్ల వస్తదన్నా. నడుమల ఒక్కసారి వస్తె చాలు, గా అక్క మాట ఇగ జన్మల ఎవరు నమ్మరు."

కూసున్న కాడనే "నేను ఇంక కొత్తదాన్ని" అని మార్చి నొక్కిన. తెరిస్తె, "నేను కొత్తదాన్ని". పాతదే! సుధాకరన్నను కూసోబెట్టిన. ఆయన ఎంబడే ఇంకో మాట మార్చి నొక్కిండు. పాతదే వచ్చింది.

"అన్నా, రోజు నువ్వు బటన్ నొక్కినంక ఏం చేస్తవ్?"

"ఏం చేస్త చెల్లె? అది అయ్యేవరకు కింద మహబూబ్ భాయ్ హోటల్‌కు పోయి చాయ్ తాగుత. మాట కలిస్తె జర కూసుంట. వచ్చి చూసి, తప్పుంటె గప్పుడు సక్కగ చేస్త."

"ఇయ్యాల పోలే."

"శేఖరన్న పోనిస్తెనా?"

ఇద్దరం కిందికురికినం. చాయ్ చెప్పినం. ఫోన్ చేతులనే ఉన్నది, టైం చూస్తున్న. చాయ్ అయింది, ఇంకోటి తాగినం. పైకొచ్చి ఒక మాట మార్చి, సేవ్ కొట్టి, నొక్కిన. కొత్త మాట వచ్చింది. నా మంట చెయ్యితోనే.

బీద కంప్యూటర్ల మిగిలిన "నేను కొత్తదాన్ని" బిల్డ్ ఫైల్ టైం చూసిన గప్పుడు. చాయ్‌కి పోకముందు తయారైంది అది. దాని మీదున్న టైం, మేం రెండో చాయ్ తాగిన టైం.

గడియారం

కథేందో గప్పుడు సమజైంది. మీకు గూడ చెప్త, గీ ముక్క యాదిల పెట్టుకోండ్రి.

ప్రోగ్రాంల వందల ఫైళ్లుంటయ్. ప్రతిసారి అన్నిటిని వండితె పొద్దుగూకుతది. గందుకే బిల్డ్ సిస్టం మారినదాన్నే వండుతది, మారని దానికి పొద్దటి కూరే వడ్డిస్తది. మారిందా లేదా అన్నది లోపట చదివి తెలుసుకోదు, ఉత్త టైం చూస్తది. రాసిన ఫైల్ కొత్తగుందా, వండిన ఫైల్ కొత్తగుందా?

మేం రాసే ఫైళ్ల మీద ల్యాప్‌టాప్ టైం పడతది, అది లోకం టైం. వండిన ఫైళ్ల మీద మూల మిషన్ టైం పడతది. వేలిముద్ర మిషన్ తన టైం మూల మిషన్‌కెళ్లి తీసుకుంటది కాబట్టి, శేఖరన్న దాని గడియారం గూడ పావుగంట ముందుకు జరిపిచ్చిండు. హాజరు కోసం. ఇగ బిల్డ్ అయిన పావుగంట లోపల ఎవరు ఏం రాసిన, మూల మిషన్‌కు అది పాతదే. "దీనికన్న కొత్తది నా దగ్గర ఉన్నది" అనుకొని ముట్టదు. ఒక్క హెచ్చరిక గూడ ఇయ్యది. ఎన్నిసార్లు నొక్కిన గంతే. సుధాకరన్న గా పావుగంట చాయ్ కాడ గడిపెటోడు. నేను కోపంల కుర్చికి అంటుకపొయ్యేదాన్ని.

శేఖరన్నకు చెప్పిన. ఆయన ముఖం మారింది.

"గడియారం ముట్టకు."

"అన్నా, ఎస్తేరక్క కుర్చి..."

"ముట్టకు అన్న గద!" ఆయన ఒర్రుడు నేను ఇన్నది గది ఒక్కసారే. తర్వాత గొంతు తగ్గించిండు. "మా బాపు చక్కెర ఫ్యాక్టరీల చేసిండు. సైరన్ మొత్తుకోకముందే గేటు కాడ ఉండాలని మా అవ్వ గడియారం ముందుకు పెట్టేది. ఫ్యాక్టరీ మూతబడ్డది. బాపు గూడ పోయిండు. అవ్వ దాన్ని ఎనుకకు తిప్పలే, గోడ మీదున్నది గదే. నేనెట్ల తిప్పుత?"

ఇన్ని రోజులు ఆయన మమ్మల్ని పిండుకునేటందుకు పెట్టిండనుకున్న. గప్పుడే నా ఫోన్ మోగింది. ఎస్తేరక్క. స్పీకర్ల పెట్టిన.

"పగటీలి అయితుంది బిడ్డ. మేనేజర్ ఇంకొకాయనను పిలిపిచ్చిండు, పక్కకు నిలబడి నా కుర్చి దిక్కే చూస్తున్నడు. అయితదా, కాదా? కాకుంటె చెప్పు, నేనే లేస్త. లేపితె లేసుడు వద్దు నాకు."

శేఖరన్న గోడ దిక్కు చూసిండు, మూల మిషన్ దిక్కు చూసిండు.

"గోడ మీద అవ్వ గడియారం ఉండనీ అన్నా" అన్న నేను, జర మెల్లగనే. "మిషన్‌కు బాపు లేడు, సైరన్ లేదు."

"మరి హాజరు?"

"నీకు తోచిన టైం పెట్టుకో. నేను లొల్లి చెయ్య."

"నువ్వా?" అని నవ్వి, ఫోన్ దిక్కు వంగిండు. "అమ్మా, ఇగ గంటల అయితది. మేనేజర్‌కు నేను మాట్లాడుత."

"గట్లగాదు అన్నా" అన్నది ఎస్తేరక్క. "మేనేజర్‌కు చెప్పేది గాదు. వీళ్లు నన్ను అన్నది అందరి ముంగట. నీ పిల్లను పంపు. వచ్చి అందరి ముంగట చెప్పమను."

మూల మిషన్ గడియారం ఎనుకకు తిప్పినం. తిప్పంగనే పని కాదు. పాతగ వండినయన్ని ఇంక రాని టైంల ఉంటయ్. అన్నిటిని ఊడ్చిపారేసి, మొదటికెళ్లి వండినం. అది అయ్యేవరకు నేను ఒక్క బటన్ ముట్టలే. చాయ్ గూడ తాగలే.

కొత్తోళ్లకు

తొవ్వల పడేముందు మీకు చెప్పేటియి చెప్త.

అనుమానం వస్తె అంత ఊడ్చి మొదటికెళ్లి వండుండ్రి. టైం పడతదని నేను శుక్రవారం గా పని చెయ్యలే, ఒక దినమంత పోయింది. మిషన్లన్నిటి గడియారాలు ఒక్కటే తీరు ఉన్నయా, పనిల చేరిన మొదటి దినమే చూడుండ్రి. ఎవరన్న "ఫలానా ఆయన చేస్తెనే అయితది" అంటె నవ్వకుండ్రి, కోపం గూడ తెచ్చుకోకుండ్రి. గా ఫలానా ఆయన ఎప్పుడు లేస్తడు, ఎప్పుడు కూసుంటడు, ఏం తాగుతడు, గది చూడుండ్రి. జనం ఊరికె నమ్మరు, వాళ్లు చూసింది నిజమే ఉంటది. దానికి పెట్టిన పేరే తప్పయితది.

ఇంకొకటి. అవతలి మనిషి "కొత్తదే పెట్టిన" అంటె నమ్ముండ్రి. మన ప్రోగ్రాం వాళ్ల ముఖం మీద పేలుతది, మన ముఖం మీద గాదు.

కాంటా ముంగట

స్కూటీ మీద ఎడపల్లి దాటి పోయేవరకు ట్రాక్టర్లు రోడ్డు దాక లైను కట్టి ఉన్నయ్. కాంటా ఆగి ఉన్నది. ఎస్తేరక్క కుర్చిలనే ఉన్నది, లేవలే. నేను లోపటికి పోయి కొత్త ప్రోగ్రాం ఎక్కిచ్చిన. బయటికొచ్చి కాంటా గడప మీద నిలబడ్డ. మైకు లేకుంట మాట్లాడుడు నాకు కొత్త గాదు.

"తప్పు మా ఆఫీసుది! ఎస్తేరక్కది గాదు! మేం పంపిన ప్రోగ్రాంల పాతది ఉండిపోయింది. ఆమె సక్కగనే నొక్కింది."

"నువ్వు పట్నం పిల్లవు, రేపు పోతవ్" అన్నడు తువ్వాల భుజం మీదేసుకున్న పెద్దమనిషి. గంగారాం ఆయనే, చిట్టి ముచ్చట తేల్చుకునేటందుకు ఖాళీ బండి తోలుకొని వచ్చిండు. "నీ మాట మేమెందుకు నమ్మాలె?"

"నమ్మకు పెద్దనాయనా. నీ ఖాళీ బండి ఎక్కియ్యి. దాని ముంగట గా పెద్ద డబ్బా బండి ఎక్కియ్యి. సూద్దాం."

పెద్ద డబ్బా బండి ఎక్కింది. దిగంగనే గంగారాం బండి ఎక్కింది. ఎస్తేరక్క అచ్చు కొట్టి, కాయితం చేత్తోని ఇరికిచ్చి, మళ్ల కొట్టింది. చిట్టి ఆయన చేతిల పెట్టింది. ఆయన దాన్ని దూరం పెట్టి చూసిండు, దగ్గర పెట్టి చూసిండు.

"నా ఖాళీ బండి బరువు నాకెరికే. సక్కగనే ఉన్నది" అన్నడు.

శుక్రవారం తూకాలన్ని మిషన్ల ఉండె, తప్పు పడ్డది చిట్టీలల్లనే. అన్ని మళ్ల తీసినం. ఎస్తేరక్క ముందుగాల వాళ్ల చర్చి ఆయనను పిలిచింది. ఎక్కువ పడ్డ చిట్టి అడిగి తీసుకొని, తగ్గిన చిట్టి చేతిల పెట్టింది. ఆయన తల ఊపి తీసుకున్నడు. తర్వాత గంగారాంను పిలిచి, పెరిగిన చిట్టి ఇచ్చింది.

ఆయన చిట్టి జేబుల పెట్టి, బండి ఎక్కబోయిండు.

"పెద్దనాయనా" అన్నది ఎస్తేరక్క. "తప్పు ఎవరిదో తెలిసింది గద?"

"అవ్ బిడ్డ. మిషన్‌ది."

"నిన్న మిషన్ను అనలే నువ్వు. నన్ను అన్నవ్. గీళ్లందరు ఇన్నరు."

"కోపంల అన్న."

"కోపంల అన్నది గూడ ఇనవడ్డది."

లైన్ల ఇంజన్లు ఒక్కొక్కటే బంద్ అయినయ్. ఆయన తువ్వాల తీసి ముఖం తుడుసుకున్నడు. మెల్లగ వచ్చి కాంటా నడుమల నిలబడ్డడు.

"ఎస్తేరు దొంగ గాదు. నేనే నోరు జారిన. ఇన్నరా?"

"ఇనవడలే పెద్దనాయనా, మళ్లొకసారి అను!" లైన్ల ఎనుకకెళ్లి ఎవరో అన్నరు. అందరు నవ్విండ్రు.

"నీ బండి ముంగటికి తేరా, సెవుల సెప్త!" అని ఒర్రిండు గంగారాం. ఆయన గూడ నవ్విండు. ఎస్తేరక్క నవ్వలే గని, స్క్రీన్ మీద ఆయన నిలబడ్డ బరువు పడి ఉంటె దాన్ని చెరిపేసి, "దిగు పెద్దనాయనా, తర్వాతి బండి ఎక్కాలె" అన్నది.

ఆయన దిగి, కిటికీ కాడికొచ్చిండు. "రేపు ఇంకో బండి చెరుకు ఉన్నది నాది. పొద్దుగాలనే తెస్త. నువ్వుంటవ్ గద?"

"రేపు ఆదివారం. నేను చర్చికి పోత. మేనేజర్ సారు కూసుంటడు."

గంగారాం మేనేజర్ దిక్కు చూసిండు. జేబులకెళ్లి ఫోన్ తీసి, దూరం పెట్టి నంబరు నొక్కిండు.

"ఏయ్, రేపు సెరుకు కొట్టకుండ్రి. సోమారం కొడదాం."

"కూలోళ్లకు చెప్పినం గదనే!" అవతలి గొంతు మా అందరికి ఇనవడ్డది. "ఏమైందిప్పుడు?"

"ఏం గాలే" అన్నడు గంగారాం. "రేపు కాంటా మీద ఎస్తేరు ఉండది."